భావనపాడు బడికి వచ్చిన తండ్రులు

టెక్కలి నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో నౌపడ దాటగానే నేల రంగు మారిపోతుంది. పొలాల పచ్చదనం పలచబడి, గట్లు కట్టిన నలుచదరపు ఉప్పు మళ్ళు మొదలవుతాయి. వేసవిలో అయితే మళ్ళ అంచుల వెంట తెల్లని రాశులు కళ్ళు మిరుమిట్లు గొలుపుతాయి. నేను వెళ్ళింది 2025 జూలై 10న. అప్పటికి ఉప్పు పని ముగిసింది. వాననీరు మళ్ళలో నిలిచి ఉంది. మిగిలిన రాశులను తాటాకులతో, టార్పాలిన్లతో కప్పి, మీద బరువులు పెట్టారు. ఆషూరా గడచి నాలుగు రోజులే అయింది. తెల్లవారుజామున కురిసిన వాన వెలిసి, గాలిలో ఉప్పు వాసన, బురద వాసన కలిసి వస్తున్నాయి.

నాతో ఆటోలో కూర్చున్న సోదరుడు భావనపాడు ప్రభుత్వ పాఠశాలలో హిందీ ఉపాధ్యాయుడు. మా మొహల్లా వాడే. చిన్నప్పుడు నా వద్ద నాజిరా ఖుర్ఆన్ చదువుకున్నాడు. "మౌలానా, మద్రసాకు తండ్రులు రావడం లేదని మీరు ఎప్పుడూ బాధపడుతుంటారు కదా. ఆ రోజు మా బడికి ఒకసారి రండి. తండ్రులను రప్పించడం ఎంత కష్టమో, వచ్చాక ఏం జరుగుతుందో మీరే చూడవచ్చు" అని పది రోజుల ముందే పిలిచాడు. ఆ రోజు ఆంధ్రప్రదేశ్ అంతటా, ప్రభుత్వ ప్రైవేటు తేడా లేకుండా, 61,000కు పైగా విద్యాసంస్థల్లో తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మహా సమావేశం. ఇది రెండవది. మొదటిది 2024 డిసెంబరు 7న జరిగింది. ముఖ్యమంత్రి ఈసారి శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువు బడికి వెళ్ళారు. కొత్తచెరువు సంగతి పత్రికలన్నీ రాశాయి. సముద్రపు ఒడ్డున ఒక మూల ఉన్న ఊరి బడిలో ఏం జరిగిందో నేను రాస్తున్నాను.

అంతకు ముందు ఈ ప్రాంతాన్ని గురించి కొంత చెప్పాలి. మన పాఠకుల్లో చాలామందికి శ్రీకాకుళం జిల్లా అంటే పలాస జీడిపప్పు, లేకపోతే తుపాను వార్త. చరిత్ర తెలిసిన పెద్దలకైతే చికాకోల్ సర్కారు గుర్తుకు వస్తుంది. గోల్కొండ కుతుబ్ షాహీల ఫౌజ్‌దారుగా వచ్చిన షేర్ ముహమ్మద్ ఖాన్ పదిహేడవ శతాబ్దంలో శ్రీకాకుళం పట్టణంలో జామియా మస్జిదు కట్టించాడు. నాగావళి దగ్గర అది నేటికీ నిలిచి ఉంది. ఆ పట్టణం దాటి ఉత్తరంగా వచ్చేకొద్దీ మన జనసంఖ్య పలచబడుతుంది. సంతబొమ్మాళి మండలంలోని ఈ తీర గ్రామాల్లో టోపీ పెట్టుకొని, గడ్డంతో నడిచే మనిషిని పిల్లలు ఆగి చూస్తారు. నన్నూ చూశారు. ఒక చిన్నవాడు దగ్గరకు వచ్చి, "తాయెత్తు కడతావేటి సాయిబూ?" అని అడిగాడు. తీర గ్రామాలకు మన వాళ్ళలో ఎలాంటి వారు వస్తూ పోతూ ఉంటారో ఆ ప్రశ్నతోనే అర్థమైంది. "లేదు నాయనా, మీ బడి చూడటానికి వచ్చాను" అన్నాను. వాడికి నమ్మకం కుదరలేదు.

నౌపడకు మరొక చరిత్ర ఉంది. పర్లాకిమిడి రాజా వారు ఇక్కడి నుంచి తమ రాజధాని వరకు చిన్న రైలు మార్గం వేయించారు. 1900లో అది మొదలైంది. 1931 నాటికి గుణుపురం చేరింది. ఆ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులు గారు ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. వారి మాటకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. నేటికి నూరేళ్ళ పైమాట. పిల్లవాడి ఇంటి భాషను, ఇంటి బ్రతుకును తెలుసుకోకుండా వాడికి చదువు చెప్పలేమని గ్రహించిన ఉపాధ్యాయుడు ఈ దారిలోనే తిరిగాడన్న సంగతి ఆటోలో కూర్చున్నంతసేపూ మనసులో మెదులుతూనే ఉంది.

ఇక్కడికి దగ్గరలోనే తేలినీలాపురం ఉంది. ఏటా శీతాకాలానికి ముందు గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గుంపులుగా వచ్చి అక్కడి చెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. పురిటికి వచ్చిన ఆడపడుచులను చూసుకున్నట్టు ఆ ఊరివాళ్ళు వాటిని చూసుకుంటారు. చెట్టు నరకరు, రాయి విసరరు. పక్షులు వచ్చే కాలానికి తీర గ్రామాల మగవాళ్ళు వెళ్ళిపోతారు. పక్షులు వెళ్ళాక మగవాళ్ళు తిరిగి వస్తారు. ఈ మాట నాకు చెప్పినవాడు హిందీ సోదరుడే. మొదట హాస్యానికి అన్నాడనుకున్నాను. తరువాత లెక్క వేసి చూస్తే అక్షరాలా నిజమే.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు యాంత్రిక పడవల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఈ 61 రోజులు సముద్రాన్ని విడిచిపెట్టాలి. దానికి పరిహారంగా 2025లో ఒక్కొక్క కుటుంబానికి ఇచ్చిన 20,000 రూపాయల పంపిణీ ఏప్రిల్ 26న ఇదే జిల్లా బుడగట్లపాలెంలో మొదలైంది. కానీ శ్రీకాకుళం తీరంలోని వేటగాళ్ళలో చాలామంది బ్రతుకు ఈ సముద్రం మీద లేదు. పెద్ద జెట్టీలు లేక, పెద్ద పడవలు కొనే శక్తి లేక, వారు గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్తారు. అక్కడి యజమానుల బోట్ల మీద తండేళ్ళుగా, కలాసీలుగా నెలజీతానికి పనిచేస్తారు. పశ్చిమ తీరంలో నిషేధం జూన్, జూలై నెలల్లో. గుజరాత్‌లో ఆగస్టు సగం వరకు. కాబట్టి వలస వెళ్ళిన తండ్రి ఊళ్ళో ఉండేది వేసవి చివర నుంచి శ్రావణమాసం దాకా. బడి జూన్ 12న తెరుస్తారు. అంటే బిడ్డ కొత్త తరగతిలో అడుగుపెట్టి పుస్తకాలకు అట్టలు వేసుకుంటున్న ఆ ఏడెనిమిది వారాలు మాత్రమే తండ్రికి వాడి చదువు కంటికి కనిపిస్తుంది. ఆ తరువాత ఎనిమిది తొమ్మిది నెలలు ఫోనులోనే.

డిసెంబరులో జరిగిన మొదటి సమావేశానికి ఈ బడికి దాదాపు అంతా తల్లులే వచ్చారట. జూలైలో తండ్రులు వస్తారని ప్రధానోపాధ్యాయురాలు ఆశపడ్డారు. ఆశపడి ఊరుకోలేదు. వారం రోజులపాటు సాయంత్రాలు ఉపాధ్యాయులను వెంటబెట్టుకొని, వలలు బాగుచేసుకునే చోటుకే వెళ్ళి పిలిచారు. ఆహ్వానపత్రం పిల్లల చేత రాయించి పంపించారు. ఆ ఉపాయం పనిచేసింది. "నా గుంటడు రాసిన ఉత్తరం నేను సదవలేను గానీ ఆడే సదివి ఇనిపించాడు. రాకపోతే ఎలాగ?" అని ఒక తండ్రి నాతో అన్నాడు.

ఈ మండలం ప్రజలకు ప్రభుత్వం పిలిచే సభలంటే అంత తేలిక నమ్మకం ఉండకపోవడం సహజమే. కాకరాపల్లి తంపర భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టబోయినప్పుడు, 2011 ఫిబ్రవరి 28న ఇక్కడ పోలీసు కాల్పులు జరిగాయి. ప్రాణాలు పోయాయి. తరువాత ఓడరేవు వచ్చింది. మొదట భావనపాడు పేరుతోనే దానిని తలపెట్టారు. చివరకు పక్కనే ఉన్న మూలపేట వద్ద 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. 4,362 కోట్ల రూపాయల పని అది. మూలపేట, విష్ణుచక్రం ఊళ్ళను ఖాళీ చేయించి నౌపడ వద్ద ఇళ్ళు ఇస్తామన్నారు. ఏ సభ పెట్టినా ఏదో ఒకటి తీసుకుపోవడానికే అన్న అనుమానం ఇక్కడి పెద్దవాళ్ళ ముఖాల్లో చదవవచ్చు. బడి గేటు దగ్గర కూడా కొందరు తండ్రులు లోపలికి రాకుండా, ఎక్కడ సంతకం పెట్టమంటారో అన్నట్టు చాలాసేపు నిలబడి ఉన్నారు.

లోపల సందడిగా ఉంది. తల్లులు ముగ్గులు వేశారు. తండ్రులకు తాడు లాగే పోటీ పెట్టారు. వల లాగి లాగి గట్టిపడిన ఆ చేతుల ముందు తాడు ఏం నిలుస్తుంది! రెండు జట్లూ కదలలేదు. చివరకు తాడే తెగింది. బడి అంతా గొల్లున నవ్వింది. గేటు దగ్గర నిలబడినవారు కూడా నవ్వుతూ లోపలికి వచ్చారు. నా అభిప్రాయం అడిగితే ఆ రోజు జరిగిన కార్యక్రమాలన్నిటిలోనూ ఎక్కువ పని చేసింది ఆ తెగిన తాడే. ప్రతి బిడ్డ తల్లి పేరిట ఒక మొక్క నాటాడు. మత్తు పదార్థాలకు దూరంగా ఉంటామని ప్రతిజ్ఞ చేశారు. ఉపన్యాసాలు కొన్ని అవసరమైనదానికంటే పొడుగు సాగాయి. వాటిని గురించి రాయను.

అసలు పని తరగతి గదుల్లో జరిగింది. ప్రతి బిడ్డ తల్లినో తండ్రినో ఉపాధ్యాయుడి ఎదుట కూర్చోబెట్టి, ప్రగతి పత్రం చేతికిచ్చి, ఒక్కొక్కరితో అయిదేసి నిమిషాలు మాట్లాడారు. మార్కులే కాదు. హాజరు, ఆరోగ్యం, ఎత్తు, బరువు, దేనిలో ఆసక్తి ఉంది, అన్నీ ఆ పత్రంలో ఉన్నాయి. సోదరుడి పక్కన ఒక బెంచీ మీద నన్ను కూర్చోమన్నారు. తొమ్మిదవ తరగతి గది అది.

ఆ గదిలో ఉపాధ్యాయుల భయం ఏమిటో నాకు త్వరలోనే తెలిసింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం బిడ్డకు 6 నుంచి 14 ఏళ్ళ వరకు హామీ ఇస్తుంది. ఎనిమిది గడిచేసరికి ఆ హామీ ముగిసిపోతుంది. సరిగ్గా ఆ వయసులోనే వేటగాడి కొడుకు భుజాలు విచ్చుకుంటాయి, గొంతు మారుతుంది. బోటు మీద వంట చేసిపెట్టడానికి ఒక కుర్రవాడు కావాలి. ఆగస్టులో తండ్రితోపాటు రైలెక్కినవాడు ఏప్రిల్‌లో తిరిగి వచ్చేసరికి పాఠాలు మరచిపోయి ఉంటాడు. తనకన్నా చిన్నవారితో కూర్చోవడానికి సిగ్గుపడతాడు. మరుసటి ఏడు తనంతట తానే వెళ్ళిపోతాడు. ఎవరూ బడి మాన్పించినట్టు ఉండదు. బడే వాడి నుంచి జారిపోతుంది.

ఒక తండ్రి వచ్చి కూర్చున్నాడు. నలభై దాటినవాడు. ముఖం మీద ఎండ, ఉప్పు చేసిన గీతలు. కొడుకు వెనుక నిలబడి ఉన్నాడు, తండ్రి అంత ఎత్తు. తల్లి తలుపు దగ్గర ఆగిపోయింది. సోదరుడు ప్రగతి పత్రం చదివి వినిపించాడు. లెక్కల్లో అబ్బాయి తరగతిలో రెండవవాడు.

తండ్రి అంతా విని, పత్రాన్ని బల్ల మీద పెట్టి, నెమ్మదిగా అన్నాడు: "మేస్టారూ, మీరు మంచోరు. ఉన్నమాట సెప్తాను. అడ్వాన్సు తీసీసుకున్నాను, ఇద్దరికీ. ఆడికి కూడా. ఇల్లు కప్పు ఏసినప్పుడు వాడీసినాం. ఇప్పుడు ఆడు రాకపోతే ఆ డబ్బు నేనెక్కడ తెచ్చీది?"

గది నిశ్శబ్దమైంది. అబ్బాయి కళ్ళు నేల మీద ఉన్నాయి. నాకు తెలిసి ఉపాధ్యాయులు ఇలాంటి చోట చదువు గొప్పతనం మీద ఉపన్యాసం మొదలుపెడతారు. సోదరుడు అలా చేయలేదు. "ఆ అడ్వాన్సు ఎంత?" అని అడిగాడు. తండ్రి చెప్పాడు. "తల్లికి వందనం డబ్బు పడిందా?" పడిందని తలుపు దగ్గర నుంచి తల్లి చెప్పింది. ప్రతి బిడ్డకు ఏటా 15,000 రూపాయలు. అందులో 2,000 బడి నిర్వహణకు పోగా 13,000 తల్లి ఖాతాలో జమ అవుతుంది. ఇద్దరు పిల్లలు చదువుతున్నారు కాబట్టి ఇద్దరికీ వచ్చింది. ఆ డబ్బు అప్పటికే కొంత ఖర్చయింది. మిగిలినది ఎంతో ఆమె చెప్పింది. వేటనిషేధ పరిహారం ఏమైందో తండ్రి చెప్పాడు. సోదరుడు ఒక తెల్లకాగితం మీద అంకెలు వేస్తూ పోయాడు. తరువాత కాగితాన్ని అబ్బాయి వైపు తిప్పాడు. "లెక్కల్లో నువ్వు రెండవవాడివి. చెప్పు, ఇంకా ఎంత తక్కువ పడుతోంది?"

అబ్బాయి వేలితో కూడిక చేసి చెప్పాడు. అంత పెద్ద మొత్తం కాదు. కానీ పేదవాడి ఇంట అది చిన్నదీ కాదు.

అప్పుడు పాఠశాల నిర్వహణ కమిటీ అధ్యక్షురాలిని పిలిచారు. చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి ఆమె. విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ కమిటీల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది స్త్రీలు కావాలి. మన రాష్ట్రంలో 2024 ఆగస్టు 8న వీటికి ఎన్నికలు జరిగాయి. చాలా ఊళ్ళలో ఈ కమిటీలు కాగితం మీదే బ్రతుకుతాయని నేను విన్నాను. ఈమెను చూశాక ఆ మాట అందరికీ వర్తింపజేయలేను. ఆమె వచ్చి కూర్చోలేదు. నిలబడే ఆ తండ్రితో మాట్లాడింది.

"ఒరే తమ్ముడూ, మీ అన్న ఆ తుపానేడు వెరావల్‌లోనే ఉన్నాడు గదా? ఇల్లు పడిపోనాదని ఫోను సేస్తే ఆ బోటోడు రానిచ్చాడేటి? నీ కొడుకునీ అలాగే ఉంచుతాడు. బాకీ మాట నాకొగ్గీ. మా సంఘంలో అడుగుతాను. నెలనెలా కట్టుకో."

సంఘం అంటే డ్వాక్రా సంఘం. తుపాను అంటే తిత్లీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం కొబ్బరి చెట్లను గడ్డిపోచల్లా పడగొట్టిన తుపాను. ఈ తీరంలో ఏళ్ళను అంకెలతో లెక్కించరు. తుపాను పేర్లతో లెక్కిస్తారు.

తండ్రి అవుననలేదు, కాదనలేదు. "సూద్దాం అప్పా" అన్నాడు. ప్రగతి పత్రం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మొదట బల్ల మీద వదిలేసిన కాగితం అది. తల్లి మాత్రం సోదరుడి దగ్గరకు వచ్చి, రిజిస్టరులో తన వేలిముద్రకు బదులు సంతకం పెట్టింది. కొత్తగా నేర్చుకున్నదట. నాలుగు అక్షరాల సంతకానికి చాలాసేపు పట్టింది. వెనుక వరుసలో ఉన్నవారెవరూ తొందరపెట్టలేదు.

ఆమె అక్షరాలు దిద్దుతుంటే నాకు హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) గుర్తుకు వచ్చారు. అక్షరజ్ఞానం అరుదైన ఆ కాలపు మక్కాలో చదవడం, రాయడం తెలిసిన స్త్రీ ఆమె. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ హఫ్సా (రజి)కు రాయడం నేర్పిన గురువు. ఆమె కుమారుడు సులైమాన్ ఒక రోజు ఫజ్ర్ జమాఅత్‌లో కనిపించలేదు. అప్పటి ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ఆ లోటును గమనించారు. బజారుకు వెళ్తూ దారిలో వారి ఇంటి దగ్గర ఆగి, మీ అబ్బాయి కనిపించలేదేమని తల్లిని అడిగారు. రాత్రంతా నమాజులో గడిపి వేకువన నిద్రపోయాడని ఆమె చెప్పారు. రాత్రంతా నఫిల్ నమాజు చేయడంకన్నా ఫజ్ర్‌ను జమాఅత్‌తో చేయడమే తనకు ఎక్కువ ఇష్టమని ఖలీఫా అన్నారు. మా తరగతుల్లో ఈ ఉదంతాన్ని జమాఅత్ ప్రాముఖ్యం కోసం బోధిస్తాము. దానిలో మరొక కోణం ఉంది. మహా సామ్రాజ్యాన్ని పాలించే మనిషి ఒక పిల్లవాడు లేని చోటును గుర్తించారు. వాడి కోసం మనిషిని పంపలేదు. తానే ఇంటికి వెళ్ళి, తల్లితో మాట్లాడారు. వలలు బాగుచేసే చోటుకు వెళ్ళిన ఆ ప్రధానోపాధ్యాయురాలికి ఈ ఉదంతం తెలిసి ఉండదు.

మధ్యాహ్నం అందరికీ బడిలోనే భోజనం. డొక్కా సీతమ్మ గారి పేరిట పెట్టే భోజనం అది. గోదావరి లంకల్లో ఆకలితో వచ్చినవారందరికీ కులం అడగకుండా అన్నం పెట్టిన తల్లి ఆమె. 2025 విద్యా సంవత్సరం నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. తల్లిదండ్రులు పిల్లల పక్కనే నేల మీద కూర్చుని, పిల్లలు రోజూ తినేదే తిన్నారు. ఒక తల్లి పప్పులో ఉప్పు చాలలేదని వంటామె మీద చిన్న పేచీ పెట్టుకుంది. ఉప్పు మళ్ళ నడుమ ఉన్న ఊళ్ళో ఉప్పు చాలకపోవడమేమిటని పక్కవాళ్ళు నవ్వారు. "మీరు మా అన్నం తింటారేటి సాయిబుగారూ?" అని ఒకామె సందేహంగా అడిగింది. తింటానన్నాను. ఆమె సంతోషించి నా విస్తట్లో రెండవ గుడ్డు వేసింది.

జుహ్ర్ సమయం ముగియకముందే నమాజు చేసుకోవాలని సరుగుడు తోపు వైపు నడిచాను. వుజూకు నీళ్ళు అడిగితే ఒక ముసలామె బిందె తెచ్చి ఇచ్చింది. నేను చేతులు, ముఖం, కాళ్ళు కడుక్కోవడాన్ని శ్రద్ధగా చూసింది. నమాజు అయ్యేవరకు దూరంగా కూర్చుని, తరువాత దగ్గరకు వచ్చింది. "బాబూ, ఓ మాట అడగనా? కోపం రాకూడదు. మనోళ్ళని పాకిస్తానోళ్ళు పట్టుకుపోనారు గదా. ఆళ్ళు మీవోళ్ళే గదా. ఏల పట్టుకుపోనారు?"

2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు సరిహద్దు దాటారంటూ పాకిస్తాన్ వారికి పట్టుబడ్డారు. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం వాళ్ళే ఎక్కువ. కరాచీ జైలులో ఏడాదికి పైగా ఉండి, 2020 జనవరి 6న వాఘా దగ్గర మన గడ్డ మీద అడుగుపెట్టారు. ఇటీవల దాని మీద సినిమా కూడా వచ్చింది. ఈ ముసలామెకు ఆ బోట్లలో బంధువు ఎవరూ లేరట. కానీ తీరమంతా ఒకే ఇల్లు. ప్రశ్నలో విషం లేదు. తెలుసుకోవాలన్న కోరికే ఉంది. అలా సూటిగా అడిగేవారు నాకు ఇష్టం. మనసులో పెట్టుకొని పైకి నవ్వేవారితోనే చిక్కు.

"నేను ఈ జిల్లావాణ్ణి అమ్మా. నాకు మీరే నావాళ్ళు. సముద్రం మీద గీత ఎక్కడుందో వలకు తెలియదు. పొట్టకూటికి వచ్చినవాణ్ణి ఏడాది జైలులో పెట్టడం ఎవరు చేసినా అన్యాయమే" అన్నాను. తరువాత బద్ర్ ఖైదీల సంగతి చెప్పాను. దైవప్రవక్త (సఅసం)పై కత్తి ఎత్తి వచ్చి పట్టుబడినవారు వారు. వేటకు వచ్చినవారు కారు. అయినా వారిని మంచిగా చూడమని ఆయన ఆజ్ఞాపించారు. కాపలా ఉన్న సహాబాలు తాము ఖర్జూరాలతో సరిపెట్టుకొని, రొట్టె ఖైదీలకు పెట్టారు. విడుదలకు డబ్బు చెల్లించలేని ఖైదీల్లో చదువు వచ్చినవారిని, మదీనా పిల్లలు పదిమందికి రాయడం నేర్పి వెళ్ళిపొమ్మన్నారు. అలా నేర్చుకున్నవారిలో హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) ఒకరని ఉల్లేఖనాలు చెబుతున్నాయి. ఆయనే తరువాత ఖుర్ఆన్ వ్రాతప్రతిని సమకూర్చే బాధ్యత వహించారు.

ముసలామె కాసేపు ఆలోచించింది. "అయితే శత్రువులు కూడా మేస్టర్లే అయినారన్నమాట" అంది. బిందె తీసుకొని వెళ్ళిపోయింది.

మనలో ఇప్పటికీ ఒక మాట వినిపిస్తుంటుంది. దీనీ చదువు వేరు, లోక చదువు వేరు, రెండవది మన పని కాదు, ప్రభుత్వ బడి మనది కాదు అని. బద్ర్ ఖైదీలు మదీనా పిల్లలకు నేర్పింది అఖీదా కాదు. అలిఫ్, బా రాయడం నేర్పారు. నేర్పినవారు విశ్వాసులు కూడా కారు. ఈ సంగతి తెలిసిన మనమే మన ఊరి బడి కమిటీ ఎన్నికల రోజున ఇంట్లో కూర్చుంటే ఎలా? శ్రీకాకుళం, టెక్కలి, పలాస, ఎక్కడైనా సరే, మన పిల్లలు చదివే ప్రభుత్వ బడుల నిర్వహణ కమిటీల్లో మన తల్లులు ఎందరున్నారో ప్రతి జమాఅత్ పెద్దలూ ఒకసారి లెక్క చూసుకోవాలి. మద్రసాల సంగతి ఇంకా కష్టం. బిడ్డను తెచ్చి అప్పగించి, "మౌలానా, మాంసం మీది, ఎముకలు మావి" అని వెళ్ళిపోయే తండ్రి మళ్ళీ రమజాన్ సెలవులకు తీసుకుపోవడానికే వస్తాడు. అది మా మీద నమ్మకం అని మేము గర్వపడుతుంటాము. బిడ్డ ఏం చదువుతున్నాడో, ఏం తింటున్నాడో, రాత్రి ఏడుస్తున్నాడో అడిగే తండ్రి వస్తే ఆ గర్వానికి లోటేమీ రాదు.

సాయంత్రం బడి ఖాళీ అయ్యాక, ఉపాధ్యాయులు, కమిటీ సభ్యులు ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల హాజరు పట్టీలు ముందు పెట్టుకొని కూర్చున్నారు. ఆగస్టులో వెళ్ళిపోయే అవకాశం ఉన్న అబ్బాయిల పేర్లు ఒక కాగితం మీద రాసుకున్నారు. ఏ ఇంటికి ఎవరు వెళ్ళాలో పంచుకున్నారు. అమ్మాయిల పేర్లు కూడా కొన్ని చేరాయి. తల్లి చేపల బుట్టతో ఊళ్ళు తిరుగుతుంటే చిన్నవాళ్ళను చూసుకోవడానికి ఇంట్లో నిలిచిపోయేవారు. ఓడరేవు పని పూర్తయితే క్రేన్లు నడపడానికి, లెక్కలు రాయడానికి మనుషులు కావాలి కదా, ఆ ఉద్యోగాలు దూరపు ఊళ్ళవాళ్ళకు పోకూడదంటే పదవ తరగతి అయినా ఉండాలి కదా అని ఒక యువకుడు అన్నాడు. "ఇస్తే గదా" అని మరొకడు. ఇద్దరి మాటలోనూ నిజముందని నాకు అనిపించింది.

తిరుగు ప్రయాణంలో మబ్బు పట్టింది. టెక్కలి చేరేసరికి మగ్రిబ్ అజాన్ వినిపించింది.

మా మద్రసాలో సఫర్ మాసపు తొలి జుమా తరువాత తండ్రుల సమావేశం పెట్టాము. పిల్లల చేత ఉత్తరాలు రాయించాము. ఆ ఉపాయం భావనపాడు నుంచే తెచ్చుకున్నాను. సగం మంది వచ్చారు. ఒక తండ్రి తన కుమారుడి మంచం ఎక్కడో చూపించమని అడిగి, దాని మీద కాసేపు కూర్చుని వెళ్ళాడు.

ఆగస్టు చివరి వారంలో హిందీ సోదరుడు ఫోను చేశాడు. గుజరాత్ రైళ్ళు వెళ్ళిపోయాయి. లెక్కల్లో రెండవవాడైన అబ్బాయి బడికి వస్తున్నాడు. సంఘం అప్పు ఇచ్చింది. తండ్రి ఒక్కడే వెళ్ళాడు. వెళ్ళేముందు బడికి వచ్చి సోదరుడి ఫోను నంబరు రాసుకున్నాడు. కానీ పదవ తరగతి నుంచి ఒక అబ్బాయి, కాగితం మీద పేరు లేనివాడు, ఎవరికీ చెప్పకుండా మేనమామతో వెళ్ళిపోయాడు. "వాడి తల్లి దగ్గరకు రేపు వెళ్తున్నాము మౌలానా" అన్నాడు.